కొర్రమట్ట కోసం కామారెడ్డి దాకా

మా ఆయన నాకు థాంక్స్ చెప్పడం మొదలుపెట్టాక నాకు భయం పట్టుకుంది.

ఆయన పేరు నరహరి. 2010 ఎండాకాలంలో పక్షవాతం వచ్చింది. మాట వారం తిరక్కుండానే వచ్చేసింది. కాలు కూడా మెల్లగా సర్దుకుంది. కుడిచెయ్యి మాత్రం మొండికేసింది. వేళ్ళు ముడుచుకుంటాయి, గట్టిగా పట్టుకోవు. దానికంటే నన్ను కంగారుపెట్టింది ఆయన మర్యాద. చారులో ఉప్పు తగ్గితే చిక్కడపల్లి సందు చివరిదాకా వినబడేలా కేకలేసే మనిషి, అన్నం కలిపి పెడితే “థాంక్స్ సుగుణా” అనేవారు. చొక్కా గుండీ పెడితే థాంక్స్. ఫ్యాను వేస్తే థాంక్స్. ముప్పై ఏళ్ళ కాపురంలో వినని మాట రోజుకు పదిసార్లు వినాల్సి వచ్చింది.

ఆయనకు ఒకే ఒక్క పిచ్చి ఉండేది, చేపలు పట్టడం. ఏటా దసరా వెళ్ళగానే ఆఫీసు స్నేహితులిద్దరితో కలిసి కామారెడ్డి దగ్గరి ఒక చెరువుకు వెళ్ళి రెండు రోజులు ఉండి వచ్చేవారు. వానలు వెనక్కి తగ్గి, ఎర్రనీళ్ళు తేటపడి, చలి ఇంకా ముదరని ఆ రోజులే కొర్రమట్టలకు మంచివట. పులుసుకు పేరుమోసిన చేప అది. దాన్ని పట్టడానికి వానపాములూ పిండిముద్దలూ పెట్టరు. రబ్బరు కప్పలు, తళతళలాడే రేకులు, చెక్క చేపపిల్లలు, అన్నీ ఉత్తుత్తి ఎరలే. అవి ఒక నీలం డబ్బా నిండా ఉండేవి. నేను ఎన్నడూ ఆ డబ్బా తెరవలేదు, ఆ చెరువుకూ వెళ్ళలేదు.

ఆ ఏడు దసరా అయ్యాక స్నేహితులిద్దరూ వచ్చారు. టీ తాగారు, బీపీ గురించి మాట్లాడారు, చేపల ఊసు ఎత్తలేదు. వాళ్ళు లేవబోతుంటే ఈయనే లోపలికి వెళ్ళి ఎడమచేత్తో డబ్బా పట్టుకొచ్చారు.

“తీస్కపోండ్రి. నాకేం పని ఇగ.”

వద్దంటే బాధపడతాడని వాళ్ళు తీసుకున్నారు. అటక మీది గాలం కర్రను మాత్రం ఎవరూ అడగలేదు. నేను వంటింటి గుమ్మంలోంచి అంతా చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు ఆయన ఫోన్లోంచి సాయన్న నంబరు తీసి మాట్లాడాను. సాయన్న ఆ చెరువు మీద బతికే మత్స్యకారుల సంఘానికి పెద్ద. ఆయన అనుమతి లేనిదే అక్కడ ఎవరూ గాలం వెయ్యరు. నేనెవరో చెప్పగానే గుర్తుపట్టాడు.

“తోల్కరా వదినా. చెరువు నిండుగున్నది. చెయ్యి రాకుంటే గట్టు మీద కూసుంటడు. కూసునేటందుకన్న తోల్కరా.”

“ఏ ఎర తేవాలె సాయన్నా? ఉన్నయన్నీ ఇచ్చేసిండు.”

“నీళ్ళు తేటవడ్డయ్. అంచు పొంటి తామర, నాచు బాగున్నది. దుకాణమోనికి గంత చెప్పు, వాడే ఇస్తడు.”

ముషీరాబాద్‌లో చేపల మార్కెట్టు దగ్గర వలలూ గాలాలూ అమ్మే దుకాణం ఒకటుంది. నారాయణగూడలో నేను లెక్కలు చెప్పే బడి నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళాను. దుకాణదారు పెద్దాయన నన్ను చూసి, బట్టలారేసే తాడు కోసం వచ్చాననుకున్నాడు. కొర్రమట్ట అనగానే మాత్రం కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

“తేట నీళ్ళల్ల ఎర్రవి, పచ్చవి వద్దమ్మా. చేప భయపడ్తది. ఆకు రంగు తీస్కో, గోధుమ రంగు తీస్కో. మురికి నీళ్ళయితే గప్పుడు మెరిసేది గావాలె.” అంటూ ఒక వెండి రేకునూ, ఒక రబ్బరు కప్పనూ నా ముందు పెట్టాడు. కప్ప అరచేతిలో పట్టేంత ఉంది. రెండు కొక్కేలు దాని వీపుకు అతుక్కుని ఉన్నాయి. బొజ్జ నొక్కితేనే బయటపడతాయి, అందుకే నాచులో చిక్కుకోవట.

రెండూ తెచ్చాను. ఏది మంచిదో తేల్చుకుందామని మా బిల్డింగు వెనకాల బట్టలుతికే సిమెంటు తొట్టిలో దారం కట్టి లాగి చూశాను. రేకు వేగంగా లాగినంతసేపూ చేపలాగే ఊగుతూ వచ్చింది. కాస్త నెమ్మదించగానే అడుగుకు పోయి పడుకుంది. కప్పను లాగడం ఆపినా నీటిమీదే తేలుతూ ఉంది. మళ్ళీ చిన్నగా కుదిపితే కాళ్ళు ఆడించింది. ఆయన కుడిచెయ్యి గాలం దారం చుట్టే రీలును తిప్పినా మెల్లగానే తిప్పుతుంది, మధ్యలో ఆగుతుంది. అయితే కప్పే కావాలి. నేను ఆ లెక్కలో ఉండగా పై అంతస్తు ఆవిడ బకెట్టుతో వచ్చింది.

“ఏందక్కా, తొట్టిల చేపలు వడ్తున్నయా?”

“ఇంకా పడ్తలేవు” అన్నాను.

ప్రయాణం సంగతి ఆయనకు సాయంత్రం చెప్పాను. “నీకెందుకు సుగుణా ఇబ్బంది” అన్నారు. నాకు చూడాలని ఉంది అన్నాను. కాదనే ఓపిక కూడా లేనట్టు, సరే అన్నారు.

ఆదివారం తెల్లవారగానే ఆటోలో కాచిగూడ స్టేషనుకు చేరాం. నిజామాబాద్ వైపు వెళ్ళే పాసింజరు ఏడు దాటాక బయలుదేరింది. ఈ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకు నా సలహా పాసింజరే. టికెట్టు చవక, కిటికీ పక్క సీటు దొరుకుతుంది. బొల్లారం దాటేదాకా ఇళ్ళే ఇళ్ళు. మేడ్చల్ తర్వాత నేల విప్పుకుంటుంది. కోతకొచ్చిన వరి, కల్లాల్లో ఆరబోసిన మక్కలు, పట్టాల పక్కన ఇంకా పూస్తున్న తంగేడు. ప్రతి స్టేషనులోనూ గంపల నిండా సీతాఫలాలు. ఇంట్లోంచి తెచ్చిన ఉప్మా తిని, మందులు వేయించి, ఒక గంపలోంచి నాలుగు పండ్లు ఏరుకున్నాను.

ఎదురు సీట్లో రజిత అనే అమ్మాయి కూర్చుంది. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుకుంటోందట. మక్కలు ఒలిచే పని ఉందని నాన్న రమ్మంటే ఊరెళ్తోంది. ఒళ్ళో పుస్తకం తెరిచి పెట్టుకుంది కానీ కళ్ళన్నీ మా పొడవాటి గుడ్డసంచి మీదే ఉన్నాయి.

“అంకుల్, గది ఏంది? తుపాకా?”

“గాలం” అన్నారు మా ఆయన.

“గాలానికి గింత పెద్ద సంచా! మా బాపు కంక కట్టెకు దారం గడ్తడు, గంతే.”

“మీ బాపు నిజమైన ఎర పెడ్తడు. తిండి సూపిచ్చి పట్టుడు ఎవలకైనా వస్తది. మేం ఉత్త రబ్బరు సూపిచ్చి ఆశ పెడ్తం.”

“అంటే మోసం జేస్తరు.”

“మోసమే!” అని నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో నాకు లెక్క లేదు. ఆ పిల్ల ఎరలు చూపించమంది. అప్పటిదాకా దాచిన కప్పను నా చేతిసంచిలోంచి తీశాను. ఆయన దాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని బొజ్జ నొక్కి చూశారు, కొక్కేల మొన గోటితో పరీక్షించారు.

“ఇదే తెమ్మని ఎవరు చెప్పిన్రు నీకు?”

తొట్టి సంగతి చెప్పాను. రేకు మునగడం, కప్ప తేలడం, ఆయన చెయ్యి మెల్లగా తిరగడం, అన్నీ చెప్పాను. ఆయన మాసాయిపేట దాటేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ ఉండిపోయారు. కప్పను మాత్రం నాకు తిరిగి ఇవ్వలేదు.

కామారెడ్డిలో దిగేసరికి పదిన్నర అయింది. స్టేషనుకు దగ్గర్లోనే ఒక లాడ్జీలో కింది అంతస్తు గది అడిగి తీసుకున్నాం. మెట్లు ఎక్కలేనివాళ్ళు ముందే అడగడం మంచిది. బస్టాండు దగ్గర భోంచేసి, పల్లెవెలుగు ఎక్కి, దిగినచోట షేరాటో పట్టుకుని చెరువు గట్టుకు చేరాం. ఊరి పేరు రాయనని సాయన్నకు మాటిచ్చాను. పేరు బయటపడితే పట్నం నుంచి జనం ఎగబడతారని ఆయన భయం.

సాయన్న గట్టు మీద వల బాగుచేసుకుంటున్నాడు. అరవై ఏళ్ళుంటాయి, మనిషి సన్నగా పొడుగ్గా ఉంటాడు. మా ఆయన కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

“గిదేనా రాకుంటయింది? మిగిలిందంతా మంచిగున్నది గద! పోయి ఏస్కో అన్నా” అని మళ్ళీ వలలో పడ్డాడు.

గట్టు చాలా పొడవుంది. ఒడ్డు పొంటి తామరాకులు, వాటి మధ్య చీకటి చీకటిగా నీళ్ళు. కొర్రమట్ట ఆ ఆకుల నీడలోనే కాచుకుని ఉంటుందట, కప్ప దూకితే ఎగిరి అందుకోవడానికి. కప్పను నేనే కట్టబోతే, ముడి ఎలా వెయ్యాలో ఆయన చెప్పారు. రీలు పిడి కుడివైపుకు మార్చుకున్నారు. ఎడమచేత్తో గాలం ఎత్తి విసిరారు.

కప్ప మా వెనకాలి తుమ్మచెట్టులో పడింది.

రెండోసారి కాళ్ళ ముందే పడింది. మూడోసారి నీళ్ళలో పడింది కానీ, రీలు తిప్పుతుంటే పిడి వేళ్ళలోంచి జారి దారమంతా గుత్తులు గుత్తులుగా చిక్కుపడింది. చిక్కు తీయడానికి నాకు చాలాసేపు పట్టింది. మళ్ళీ విసిరారు. మళ్ళీ చిక్కు. చొక్కా చెమటతో తడిసిపోయింది. పాత నరహరి అయితే ఈపాటికి గాలాన్నీ, చెరువునూ, నన్నూ కలిపి తిట్టేవాడు. ఈయన గాలాన్ని మెల్లగా గట్టుకు ఆనించి నా వైపు తిరిగారు.

“పోదాం సుగుణా. నా కోసం చానా కష్టపడ్డవ్. థాంక్స్.”

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

“మీ థాంక్సులు మీ దగ్గర్నే పెట్టుకోండి! నేనేమన్న ఆస్పత్రి నర్సునా? పొద్దున లేస్తే థాంక్స్, పంటే థాంక్స్! కోపమొస్తే కోపం జెయ్యండి. గాలం ఇసిరికొట్టండి. నన్ను తిట్టండి. గీ మర్యాద నాకు వద్దు!”

నా గొంతు నీటి మీదుగా అవతలి ఒడ్డుకు వెళ్ళి తిరిగొచ్చింది. సాయన్న తల ఎత్తకుండా వల కుట్టుకుంటూనే ఉన్నాడు. మా ఆయన గట్టు మీద కూర్చున్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు.

“నీ మీద కోపం జేసే హక్కు ఏడిది నాకు? నా అన్నం నువ్వు కలుపుతున్నవ్. నా గుండీలు నువ్వు వెడ్తున్నవ్. రేపు నీకు యాష్టకొస్తే నేనేం గావాలె?”

ఇన్ని నెలలూ ఆయన నా సేవకు ధర చెల్లిస్తున్నారని నాకు తట్టలేదు. నేను అలిసిపోయి ఎక్కడ వదిలేస్తానో అని ఆ మర్యాద. పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాను. పొద్దు వాలేదాకా అట్లాగే కూర్చుని, వచ్చిన దారినే లాడ్జీకి తిరిగి వెళ్ళాం. బస్సులో ఒక్క మాట మాత్రం అన్నాను.

“యాష్టకొస్తే మొఖం మీదనే చెప్త. చెప్పకుండ ఉండుడు నాకు రాదు, మీకు తెల్వదా?”

“తెలుసు” అన్నారు.

పొద్దున నేను లేచేసరికి ఆయన మొహం కడుక్కుని, గాలం సంచి పక్కన పెట్టుకుని కూర్చున్నారు. బస్టాండులో ఇడ్లీ తిని మొదటి బస్సుకే బయలుదేరాం. చెరువు మీద పొగమంచు ఇంకా పోలేదు. తొందరపడొద్దన్నాడు సాయన్న. ఈ రోజుల్లో నీళ్ళు పొద్దున చల్లగా ఉంటాయి, చేప కదలదు. ఎండ తగిలి ఒడ్డు పక్క నీళ్ళు వెచ్చబడ్డాకే మేతకు వస్తుంది. మంచి చేపలు ఎనిమిది దాటాకే అని చెప్పి, మాకు టీ తెప్పించాడు.

ఎండ వచ్చాక ఆయన గాలం ముట్టుకోలేదు. “నువ్వు చూడాలన్నవ్ గద. ఏసి చూడు” అన్నారు.

నేను వెండి రేకు కట్టాను. అదైతే బరువుగా ఉంది, దూరం పోతుందని నా ఆలోచన. కొంగు నడుముకు దోపుకుని విసిరాను. దూరం పోయిన మాట నిజమే. లాగితే రేకుతో పాటు తట్టెడు నాచు వచ్చింది. నాచు తీసేసి మళ్ళీ విసిరాను. ఈసారి ఒక తామరకాడ వేళ్ళతో సహా వచ్చింది.

“చెరువు సాఫ్ జేస్తున్నవా?” అన్నారు వెనకనుంచి.

“మీరే చెప్పచ్చు గద!”

“నాచుల రేకు ఎవడన్న ఏస్తడా? నిన్న రైల్ల నువ్వే పెద్ద పాఠం చెప్పినవ్. కప్ప కట్టు!”

కప్ప కట్టాను. రెండుమూడు సార్లు తప్పాక ఆకుల అంచున పడింది. మెల్లగా కుదపమన్నారు, కుదిపాను. ఆపమన్నారు, ఆపాను. ఆకుల కింద నీళ్ళు ఉబికాయి. బిందె బోర్లించినట్టు బుడుంగుమని చప్పుడైంది, కప్ప మాయమైంది. అదిరిపడి నేను గాలాన్ని ఉన్న బలమంతా పెట్టి వెనక్కి లాగాను. కప్ప గాల్లో ఎగిరొచ్చి నా భుజానికి తగిలింది. చేప లేదు.

“ఏం జేసినవే!” ఆయన లేచి నిలబడ్డారు. “గప్పుడే గుంజుతరా? నోట్లకు తీస్కోవాలె, లోపలికి మలుపుకోవాలె, గప్పుడు గుంజాలె! బుద్ధి లేదా? మూర పొడుగు చేప! చేతికొచ్చిన చేపను తోలినవ్!”

“నాకేం తెలుసు? ముందు చెప్తే కదా!”

“నోరు మూస్కొని గిటియ్యి!”

గాలం నా చేతిలోంచి లాక్కున్నారు. నాకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. అటు తిరిగి కొంగు అడ్డం పెట్టుకున్నాను. సాయన్న అది చూసి తనూ తల తిప్పుకున్నాడు.

ఆయన ఈసారి పైకెత్తి విసరలేదు. గాలాన్ని మోకాలి ఎత్తులో పట్టుకుని, కప్పను ఉయ్యాలలాగా రెండుసార్లు ఊపి వదిలారు. అంత దూరం పోలేదు కానీ, రెండు ఆకుల మధ్య సందులో చప్పుడు లేకుండా పడింది. కుడిచేతి వేళ్ళు పిడిని ఎలాగో పట్టుకుని ఒక చుట్టు తిప్పాయి. ఆగాయి. కప్ప తేలుతూ ఉంది. ఇంకో చుట్టు. మళ్ళీ ఆగాయి. ఎన్నిసార్లు అలా జరిగిందో, ఎండ మాత్రం నెత్తి మీదికి ఎక్కుతోంది. అప్పుడు నీళ్ళు మళ్ళీ ఉబికాయి.

కప్ప లేదు. ఆయన కదల్లేదు. దారం మెల్లగా పక్కకు జరుగుతోంది. ఇంకా కదల్లేదు. ఉన్నట్టుండి ఎడమచెయ్యి ఒక్కసారి పైకి లేచింది. గాలం విల్లులా వంగింది.

“వడ్డది!”

చేప తామరల్లోకి ఉరికింది. ఆయన రీలు తిప్పబోతే వేళ్ళు జారాయి. మళ్ళీ పట్టుకున్నారు, మళ్ళీ జారాయి. ఒక్క క్షణం నిన్నటి మొహం వచ్చింది. వెంటనే అరిచారు.

“చూస్తున్నవేంది? వచ్చి తిప్పు!”

ఆయన ఎడమచేత్తో గాలం నిలబెట్టారు, నేను పిడి పట్టుకుని తిప్పాను. తిప్పు అంటే తిప్పాను, ఆగు అంటే ఆగాను. అవసరమున్నా లేకున్నా తిట్లు పడుతూనే ఉన్నాయి. సాయన్న మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, దవడ కింద వేలు పెట్టి చేపను పైకెత్తాడు. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, పాములాంటి తల. మోచేయి నుంచి వేళ్ళ కొసదాకా ఉంది. మా ఆయన గట్టు మీద కూలబడి దాన్ని కుడిచేత్తో తడిమారు. వేళ్ళు సరిగ్గా విప్పుకోలేదు, పిడికిలితోనే నిమిరారు.

మధ్యాహ్నం సాయన్న ఇంట్లో భోజనం. ఆయన భార్య గంగవ్వ చింతపండు, ఎల్లిగడ్డ వేసి పులుసు పెట్టింది. కొర్రమట్టకు ముళ్ళు తక్కువ, అందుకని ఆయన ఎడమచేత్తో ఎవరి సాయమూ లేకుండా తిన్నారు. రెండోసారి అడిగి వేయించుకున్నారు. పులుసు బాగుందనీ, మా ఇంట్లో ఎన్నడూ ఇంత బాగా కుదరలేదనీ గంగవ్వతో చెప్పారు. ఆవిడ నావైపు చూసి కళ్ళతోనే క్షమాపణ అడిగింది. నేను ఇంకో ముద్ద వడ్డించమన్నాను.

సాయంత్రం కామారెడ్డిలో రైలెక్కాం. వెళ్ళాలనుకునేవాళ్ళు తిరుగు ప్రయాణానికి తొందరగా స్టేషను చేరండి, ఆదివారాలూ పండగ మర్నాళ్ళూ కూర్చోవడానికి చోటుండదు. మేం వచ్చింది సోమవారం, ఇద్దరికీ ఎదురెదురుగా సీట్లు దొరికాయి. పోట్లాడుకోవడానికి అది మరీ వీలైంది.

ఆయన వాదన ఏమిటంటే చేపను పట్టింది తాను. విసిరింది, ఆగింది, గుచ్చింది తానే కాబట్టి. నా వాదన, ఒడ్డుకు లాగింది నేను. లాగకపోతే అది ఇప్పటికీ తామరల్లోనే ఉండేది. పైగా కప్ప నాది. మేడ్చల్ వచ్చేసరికి పక్క సీటు పెద్దమనిషి ఉండబట్టలేకపోయాడు.

“అన్నా, ఇంతకు చేప ఏడున్నది?”

“తిన్నం” అన్నారు మా ఆయన.

“తిన్నంక ఎవరిదైతేంది?”

“గట్లెట్లయితది?” అని మేమిద్దరం ఒక్కసారే ఆ పెద్దమనిషి మీద పడ్డాం. పాపం కాచిగూడ దాకా మళ్ళీ నోరు విప్పలేదు.

కాచిగూడలో దిగేటప్పటికి దీపాలు పెట్టేశారు. ఆటోవాడితో బేరం ఆయనే ఆడారు, నన్ను మాట్లాడనివ్వలేదు. ఆ చెయ్యి పూర్తిగా నయమవుతుందని డాక్టరు అప్పటికీ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. గుండీలు ఇప్పటికీ నేనే పెడతాను. శరత్కాలంలో కామారెడ్డి వైపు ఆ రెండు రోజులూ ఎలా ఉంటాయని ఎవరైనా అడిగితే చెరువు బాగుందనీ, పులుసు బాగుందనీ, సీతాఫలాలు తీపిగా ఉన్నాయనీ చెబుతాను. నాకు మాత్రం అన్నిటికంటే ఆ రైల్లో జరిగిన పోట్లాటే బాగుంది.

ఆటో నారాయణగూడ దాటుతుండగా, పోట్లాట తెగకుండానే ఆయన తీర్పు చెప్పేశారు.

“వచ్చే యేడు నా గాలం ముట్టకు. నీకు నువ్వు వేరేది కొనుక్కో. గప్పుడు ఎవరి చేప ఎవరిదో తెలుస్తది.”

“కొనుక్కుంట” అన్నాను.